కామెంట్ తీసేస్తే ఆ చోట ఏం మిగలాలి?

సుజాత_మిద్దెతోట (విజయవాడ)

మా మిద్దెతోట గ్రూపు ఫేస్‌బుక్‌లో నడుస్తోంది. నలుగురం అడ్మిన్లం, అందరం ఇళ్లల్లో మొక్కలు పెంచుకునేవాళ్లమే. ఏ కామెంట్ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి రాసుకున్న నియమం లేదు. ఎవరి కంట పడితే వాళ్లు, తమకి తోచినట్టు తీసేస్తున్నాం.

ఈమధ్య ఒకావిడ వంగమొక్కకి మొవ్వు, కాయ తొలిచే పురుగు పట్టిందని ఫొటో పెట్టారు. కింద ఒకాయన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొట్టమని, లీటరు నీటికి ఎంత కలపాలో కూడా రాశారు. మా అడ్మిన్ ఒకరు దాన్ని తీసేశారు. ఆయన మళ్లీ పెట్టారు, మళ్లీ తీసేశారు. దాంతో ఆయన "అనుభవంతో చెబితే నోరు నొక్కుతున్నారు" అని విడిగా పోస్టు పెట్టారు. దాని కింద పదిమంది చేరి తిట్లు. చివరికి అడిగినావిడకి విసుగొచ్చి అసలు పోస్టే తీసేసుకున్నారు. పోస్టుతోపాటు వేపనూనె గురించి, మగ పురుగుల్ని వాసన ఎరతో పట్టే లింగాకర్షక బుట్టల గురించి పెద్దవాళ్లు ఓపిగ్గా రాసిన జవాబులన్నీ పోయాయి. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఇప్పుడు ఒక నియమం రాసుకుందామని కూర్చున్నాం. ఇలాంటి గ్రూపులు నడిపినవాళ్లు, కామెంట్లు పోగొట్టుకున్నవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

రామారావు_తెనాలి

సుజాత గారూ, నేను దినపత్రికలో పాఠకుల లేఖల పేజీ చూసినవాణ్ణి. వచ్చిన ఉత్తరాల్లో వేసేవి కొన్నే. వేయనివి ఎందుకు వేయలేదో ఎవరికీ చెప్పేవాళ్లం కాదు, ఎవరూ అడిగేవారు కాదు. మీ పని అలాంటిది కాదు. అచ్చు కాని ఉత్తరాన్ని పాఠకుడు చూడలేదు. మీ దగ్గర మాత్రం ముందు అచ్చయిపోతుంది, నలుగురు చదువుతారు, జవాబులు రాస్తారు, ఆ తర్వాత మాయమవుతుంది. పొద్దున చూసిన మాట సాయంత్రానికి లేకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. రాసినాయనకే కాదు, చదివినవాళ్లకి కూడా సంజాయిషీ ఇవ్వాల్సిన బాధ్యత అక్కడే పుడుతుంది.

పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. పాత ప్రతులు ఇళ్లకి వెళ్లి చింపి రాము. నేనైతే తీసేసిన చోట ఒక వాక్యం ఉంచుతాను: ఏ కారణంతో తీశామో, ఎవరు తీశారో.

గోదారి_శీను (రాజమండ్రి)

అసలు తీయడం ఎందుకండీ? బూతులైతే తీయండి, కాదనను. మందు గురించి తప్పు చెబితే కిందనే "ఇది తప్పు, ఇందుకు తప్పు" అని రాయండి. చదివేవాళ్లకి రెండూ కనిపిస్తాయి. అదే సలహా రేపు వాళ్ల బంధువో, పురుగుమందుల షాపు అతనో ఇస్తే అప్పుడు జవాబు చెప్పగలుగుతారు. తీసేస్తే ఆ మందు వాడకూడదని ఎవరికి తెలిసింది? ఎవరికీ తెలియలేదు. పైగా ఆయనకి తన మాట నిజం కాబట్టే తీశారని నమ్మకం కుదిరింది.

భాస్కర్_అగ్రి (గుంటూరు)

శీను గారూ, మామూలు విషయాల్లో మీ మాటే నా మాట. మోనోక్రోటోఫాస్ దగ్గర మాత్రం ఒప్పుకోను. కూరగాయల మీద దాని వాడకాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ మందు కలిసిన వంట వల్లే. మిద్దె మీద కొడితే ఆ తుంపర పక్కింటి దండెం మీద బట్టల దాకా వెళ్తుంది. ఆ వంకాయ రెండు రోజుల్లో కోసి కూర వండేస్తారు.

కింద జవాబు రాస్తే చాలదా అన్నారు. ఫేస్‌బుక్‌లో కామెంట్లు రాసిన వరసలో కనపడవు. ఎక్కువ లైకులు, జవాబులు వచ్చిన కామెంట్‌ని పైకి తెస్తుంది, దాని కింద జవాబుల్ని మడిచి పెడుతుంది. మీరు పది మంది "తప్పు" అని రాసే కొద్దీ ఆ కామెంటే పైకి ఎక్కుతుంది. తొందరలో ఉన్నవాళ్లు మోతాదు ఒక్కటి చూసుకుని షాపుకి వెళ్తారు. ఇతరుల కామెంట్‌లో ఒక లైను మాత్రం తీసే వీలు అడ్మిన్‌కి లేదు. ఉంచితే మొత్తం ఉంచాలి, తీస్తే మొత్తం తీయాలి. అందుకే తీయక తప్పదు.

అయితే తీసి ఊరుకోవడం కూడా తప్పే. ఆ మందు ఎందుకు వాడకూడదో అదే పోస్టు కింద అడ్మిన్ పేరుతో రాసి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదేమో.

కిరణ్_డల్లాస్

ఈ ప్రశ్నకి ఒక్కో చోట ఒక్కో రకంగా జవాబు వెతికారు. పనికొస్తుందేమో చూడండి.

రెడిట్ అనే చర్చల సైటులో రాసినవాళ్లే తీసుకుంటే ఆ చోట "డిలీటెడ్" అని, మోడరేటర్ తీస్తే "రిమూవ్డ్" అని మిగులుతుంది. కింద జవాబులు అలాగే ఉంటాయి. ఎవరు తీశారన్నది ఒక్క మాటలో తెలిసిపోతుంది. వాట్సాప్‌లో గ్రూపు అడ్మిన్ ఒకరి మెసేజ్ తీస్తే, అడ్మిన్ ఫలానా తీశారని అందరికీ కనపడుతుంది. టెలిగ్రామ్‌లో అలాంటి గుర్తేమీ ఉండదు. అడ్మిన్లు మాత్రం గత 48 గంటల్లో ఏం జరిగిందో ఒక జాబితాలో చూసుకోవచ్చు. ఫేస్‌బుక్ గ్రూపులో కూడా అంతే, చిట్టా ఉంటుంది కానీ అడ్మిన్లకి, మోడరేటర్లకి మాత్రమే. సభ్యులకి ఖాళీ కూడా కనపడదు.

కాబట్టి సుజాత గారి దగ్గర సాఫ్ట్‌వేర్ చేయని పని మనుషులు చేయాలి. తీసిన ప్రతిసారీ అడ్మిన్ చేత్తో ఒక కామెంట్ రాయాలి.

నీలిమ_ఆర్

ప్రతిసారీ గుర్తు వదలాలి అంటున్నారు. నేను ఒప్పుకోలేను, ఎందుకో చెబుతాను.

ఒక వంటల గ్రూపులో ఒకతనితో మాటా మాటా పెరిగి, అతను నా ఫోన్ నంబరు, మేముండే అపార్ట్‌మెంట్ పేరు కామెంట్‌లో పెట్టాడు. రాత్రి పదకొండుకి పెట్టాడు. అడ్మిన్లు నిద్రలో ఉన్నారు. తెల్లారేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. పొద్దున వాళ్లు తీసేసి, మంచి మనసుతోనే, "నీలిమ గారి వ్యక్తిగత వివరాలు ఉన్నందున తొలగించాం" అని రాశారు. ఆ వాక్యం చూసినవాళ్లు స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టారు. నాకు మళ్లీ టెన్షన్.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం గుర్తుందా? ఆ అమ్మాయి పేరు, ఫొటో దేశమంతా తిరిగాయి. కోపంతో, బాధతో పెట్టినవాళ్లే ఎక్కువ. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని చాలామందికి తెలియదు. ఆ తర్వాత "దిశ" అని పిలవమని పోలీసులు చెప్పారు. అసలు పేరు రాసిన కామెంట్లు తీసేస్తూ ఎవరు రాశారు, ఏం రాశారు అని వివరం పెట్టుకుంటూ పోతే తీసి ఏం లాభం?

గోదారి_శీను (రాజమండ్రి)

నీలిమ గారూ, మీకు జరిగింది చదివి చాలా బాధేసింది. అలాంటివి ఆనవాలు లేకుండా తీసేయాల్సిందే. ఆ మాట ముందే చెప్పాల్సింది.

నా భయం వేరే. పోలవరం నిర్వాసితుల పునరావాసం గురించి ఒక గ్రూపులో కాలనీల్లో నేను కళ్లారా చూసినవి రాశాను. తిట్లు లేవు, ఏ పార్టీ పేరూ లేదు. కామెంట్ పోయింది. అడ్మిన్‌ని అడిగితే జవాబు లేదు. ఇంకో యూట్యూబ్ ఛానెల్‌లో అయితే మరీ ఘోరం. నేను రాసుకుంటూనే ఉన్నాను, నాకు నా కామెంట్లు కనపడుతూనే ఉన్నాయి. మా తమ్ముడు తన ఫోన్‌లో చూస్తే ఒక్కటీ లేదు. ఛానెల్ వాళ్లు నన్ను దాచేశారన్నమాట. గోడతో మాట్లాడుతున్నానని నాకే తెలియదు. తీసేస్తే తీసేశామని చెప్పొచ్చు కదా. మనిషిని ఇలా నమ్మించడం నాకు అస్సలు నచ్చలేదు.

కిరణ్_డల్లాస్

శీను గారు చెప్పిన సౌకర్యం యూట్యూబ్‌లో నిజంగానే ఉంది. ఛానెల్ నుంచి ఒకరిని దాచితే వాళ్లకి సమాచారం రాదు. ఫేస్‌బుక్ పేజీల్లో కామెంట్‌ని "హైడ్" చేస్తే రాసినవాళ్లకి, వాళ్ల స్నేహితులకి మాత్రం కనపడుతుంది. ప్రకటనలు గుప్పించే బాట్ల (వాటంతటవే రాసే ఖాతాల) కోసం అయితే అర్థం ఉంది. తనని తీసేశారని తెలిస్తే బాట్ నడిపేవాడు వెంటనే ఇంకో ఖాతా తెరుస్తాడు. మాట్లాడటానికి వచ్చిన మనిషి మీద అదే వాడటం నాకూ నచ్చదు.

ప్రసన్న_కర్నూలు

న్యాయవాదిగా రెండు మూడు మాటలు. అడ్మిన్లలో చాలామంది కేసు మీద పడుతుందేమోనన్న భయంతోనే గబగబా తీసేస్తారు. గ్రూపు సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి, ముందే ఇద్దరూ కలిసి అనుకున్నారని తేలితే తప్ప, వాట్సాప్ అడ్మిన్‌ని నేరంలో బాధ్యుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో తేల్చింది. కేరళ హైకోర్టు కూడా 2022లో అడ్మిన్ మీద అలాంటి బాధ్యత మోపలేమంది.

భయం ఊరికే పుట్టలేదు. 2013 మే నెలలో చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాశారని పౌరహక్కుల నాయకురాలిని అరెస్టు చేశారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతల్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద. అదే నెలలో సుప్రీంకోర్టు, పై అధికారి అనుమతి లేకుండా ఆ సెక్షన్ కింద అరెస్టు చేయొద్దంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సెక్షన్‌నే కొట్టేసింది. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఎవరో ఫిర్యాదు చేయగానే తీసేయకపోతే, వాడుకరుల రాతలకి తమని బాధ్యుల్ని చేయకుండా కాపాడే చట్టరక్షణ పోతుందని ఫేస్‌బుక్ లాంటి వేదికలు భయపడనక్కర్లేదు, కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో వస్తే తీయాలి. వేదిక తన సొంత నియమాల ప్రకారం తీసుకోవడం వేరే సంగతి.

శీను గారు అడిగింది కూడా చట్టంలో ఉంది, కాకపోతే పెద్ద వేదికలకి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 50 లక్షలు దాటిన నమోదిత వాడుకరులున్న వేదిక తనంతట తాను ఏదైనా తీసేస్తే, ఎందుకు తీసిందో రాసినవాళ్లకి చెప్పాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంతంత కంపెనీల నుంచి చట్టం ఆశించే మర్యాద, ఒకరి ముఖం ఒకరికి తెలిసిన గ్రూపులో మనం పాటించలేమా?

నీలిమ గారి విషయం. జనానికి కనపడకుండా తీయడం వేరు, సాక్ష్యం చెరిపేయడం వేరు. అవే నిబంధనలు ఫిర్యాదు మీద తీసేసిన సమాచారాన్ని 180 రోజులు భద్రపరచమంటాయి. గ్రూపు అడ్మిన్‌కి ఆ షరతు వర్తించదు. అయినా తీసేముందు లింకుతో సహా స్క్రీన్‌షాట్ తీసి బాధితురాలికి ఇవ్వాలి. రేపు ఆవిడ సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 నంబరు డబ్బు మోసాలకే అనుకుని చాలామంది ఆగిపోతారు. ఇలాంటి వేధింపుల మీద జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

రామారావు_తెనాలి

ప్రసన్న గారూ, ఇదే విషయంలో యూరప్‌లో అడ్డం తిరిగిన కేసు ఒకటి ఉంది. ఎస్తోనియాలో డెల్ఫీ అనే వార్తల సైటులో 2006లో ఒక ఫెర్రీ కంపెనీ గురించిన వార్త కింద పాఠకులు బెదిరింపులు రాశారు. లాయరు అడిగిన రోజే సైటు తీసేసింది. కానీ అప్పటికి ఆరు వారాలు గడిచాయి. అక్కడి కోర్టు 320 యూరోల పరిహారం వేసింది. 2015లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా అందులో తప్పు లేదంది. డబ్బు చిన్నదే. ఆ దెబ్బతో అసలు కామెంట్లే వద్దనుకునేవాళ్లు తయారవుతారని మా విలేకరుల్లో చాలా చర్చ జరిగింది. అతిగా తీయడం ఎంత చెడ్డదో, ఆరు వారాలు పట్టించుకోకపోవడం కూడా అంతే.

చరిత్ర_ట్యాబ్

తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. అక్కడ చర్చా పేజీల్లో, రచ్చబండలో ఒకరి వ్యాఖ్యని ఇంకొకరు దిద్దకూడదన్నది మొదటి మర్యాద. మన వ్యాఖ్యని మనం మార్చుకోవాలన్నా, అప్పటికే ఎవరైనా జవాబు ఇచ్చి ఉంటే తుడిచేయకుండా గీత కొట్టి, కింద కొత్త మాట రాస్తాం. లేకపోతే జవాబు ఇచ్చినవాళ్లు దేనికి ఇచ్చారో అర్థం కాదు.

ఎవరైనా దుడుకుగా తీసేసినా పేజీ చరిత్రలో పాత కూర్పు ఉంటుంది. ఎవరు తీశారో, ఏ నిమిషంలో తీశారో, ఏం కారణం రాశారో అంతా బహిరంగమే. అందువల్ల నిర్వాహకుల మీద అనుమానాలు వచ్చినా, "చరిత్ర చూడండి" అంటే సగం తగాదా అక్కడే తేలిపోతుంది. నీలిమ గారు చెప్పిన రకం వాటికి వేరే ఏర్పాటు ఉంది. కూర్పునే దాచేస్తారు. చరిత్రలో ఒక గీత కనపడుతుంది గానీ లోపలి మాట మామూలు వాడుకరులకి తెరుచుకోదు. మరీ సున్నితమైనవి నిర్వాహకులకి కూడా కనపడకుండా చేసే అధికారం వేరే కొద్దిమందికి ఉంటుంది. తీసినవాళ్ల చేతిలోనే చూసే హక్కు కూడా ఉండాలని లేదు. ఈ విడదీత నాకు బాగా నచ్చుతుంది.

సుజాత_మిద్దెతోట (విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. ఒక దారి కనపడుతోంది. కానీ అడిగినావిడ తన పోస్టు తానే తీసుకున్న సంగతి మీద ఎవరూ మాట్లాడలేదు. పోస్టు ఆవిడదే, కాదనలేను. కింద జవాబులు ఆవిడవి కావు కదా. ఒక పెద్దాయన తన మిద్దె మీద వంగ పండించిన అనుభవమంతా అక్కడ రాశారు. ఆయన దగ్గర ఇంకో నకలు లేదు.

కిరణ్_డల్లాస్

ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో దీనికి గట్టి నియమమే ఉంది. మీ ప్రశ్నకి వచ్చిన జవాబుకి ఎవరైనా మెచ్చి ఓటు వేస్తే, ఆ తర్వాత ప్రశ్నని మీరు తీసేయలేరు. జవాబిచ్చినవాళ్ల శ్రమ పోకూడదని. దీని రెండో వైపు కూడా చూశాం. 2024 మే నెలలో ఆ సైటు చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐతో ఒప్పందం చేసుకున్నప్పుడు, తమ రాతలు అందుకు వాడటం ఇష్టం లేక కొందరు సొంత జవాబుల్ని చెరపబోయారు. సైటు వాటిని తిరిగి పెట్టేసి, కొందరి ఖాతాల్ని కొన్నాళ్లు ఆపింది. "నేను రాసింది నాది" అన్న మనిషికి అక్కడ చోటు లేకపోయింది. నాకు ఇప్పటికీ ఏ పక్షమో తేల్చుకోవడం కష్టంగానే ఉంది.

ప్రసన్న_కర్నూలు

మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో చెరిపించుకునే హక్కు ఉంది. అయితే మనమే నలుగురి ముందు పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు. కాబట్టి బహిరంగ పోస్టుల విషయంలో ఈ పేచీ చట్టంతో తేలేది కాదు. గ్రూపు మర్యాదతో తేల్చుకోవాల్సిందే.

ఫాతిమా_అమ్మలగ్రూపు (నిజామాబాద్)

సుజాత అక్కా, నేను పాలిచ్చే తల్లుల గ్రూపు నడుపుతాను. ఆడవాళ్లు పోస్టు ఎందుకు తీసుకుంటారో మీకు చెప్పగలను. జవాబులు నచ్చక కాదు. అత్తగారి ఫోన్‌లోనో, ఆఫీసులో ఎవరి ఫోన్‌లోనో తన పేరు కనపడిందని. మీ పోస్టు కింద తిట్లు పడ్డాయి కాబట్టి ఆవిడకి తన పేరు అక్కడ ఉండటమే ఇబ్బంది అనిపించి ఉంటుంది. ఉంచమని బలవంతం చేయకూడదు.

మేం రెండు పనులు చేశాం. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పేరు కనపడకుండా పోస్టు పెట్టే సౌకర్యం ఉంది, అడ్మిన్లకి మాత్రం పేరు తెలుస్తుంది. దాన్ని తెరిచి పెట్టాం. తర్వాత, మంచి జవాబులు వచ్చిన పోస్టుల నుంచి, రాసినవాళ్లని అడిగి, జవాబుల్ని విడిగా ఒక గైడ్‌గా పెడతాం. ప్రశ్న వేసినవాళ్ల పేరు అందులో ఉండదు. ఆ తర్వాత పోస్టు తీసుకున్నా ఎవరికీ నష్టం లేదు.

ఇంకో సంగతి, ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నాను. ఆ తిట్లన్నీ ముందు చదివేది అడ్మిన్. పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి కూర్చుని అవి చదువుతాం. జీతం లేదు. తీసిన ప్రతి కామెంట్‌కీ వివరణ రాయమంటే నెల తిరక్కుండా అడ్మిన్లు పారిపోతారు. ప్రకటనలకి, అచ్చమైన బూతులకి వివరణ అక్కర్లేదని నియమంలోనే రాయండి. ఆలోచించి రాసిన మనిషి మాట తీసినప్పుడు మాత్రం తప్పకుండా రాయండి.

సుజాత_మిద్దెతోట (విజయవాడ)

ఫాతిమా, నువ్వు చెప్పింది సూటిగా తగిలింది. మావాళ్లతో ఫోన్‌లో మాట్లాడి చిత్తు రాశాను.

ప్రకటనలు, బూతులు కనపడగానే తీస్తాం, వివరణ ఉండదు. ఫోన్ నంబరు, చిరునామా, పిల్లల ఫొటోలు, బాధితుల పేర్లు కూడా వెంటనే తీస్తాం. అక్కడ పేరు గానీ, ఏం తీశామో గానీ రాయం. సంబంధించినవాళ్లకి మాత్రం స్క్రీన్‌షాట్‌తో విడిగా చెబుతాం. ప్రాణానికి ప్రమాదమైన సలహాలు, అంటే నిషేధించిన మందులు, మోతాదులు వంటివి తీసి, అదే చోట ఎందుకు తీశామో అడ్మిన్ పేరుతో రాస్తాం, రాసినవాళ్లకి మెసేజ్ కూడా పంపుతాం. మిగతా తప్పులు ఏవైనా తీయం, కింద జవాబు ఇస్తాం. ఎవరినీ వాళ్లకి తెలియకుండా దాచం.

గోదారి_శీను (రాజమండ్రి)

బాగుందండి. తీసినదాని మీద అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? తీసిన అడ్మిన్‌కే చెప్పుకుంటే అది అప్పీలు కాదు.

సుజాత_మిద్దెతోట (విజయవాడ)

నిజమే. తీసినవాళ్లు కాకుండా మిగతా ముగ్గురిలో ఒకరు చూస్తారు. తిరిగి పెట్టాలని తేలితే, తీసిన కామెంట్‌ని మేం వెనక్కి తేలేకపోయినా, స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఉన్నట్టు రాసినవాళ్ల పేరుతో మేమే పెడతాం. తీసేముందు స్క్రీన్‌షాట్ తీయడం అన్నిటికీ వర్తిస్తుంది, బూతులకి తప్ప. ఆ మందు చెప్పినాయనకి ఇవాళ ఫోన్ చేస్తున్నాను. పత్తి రైతు ఆయన. పొలంలో వాడిన మందే చెప్పారు, చెడు ఉద్దేశం లేదు.

భాస్కర్_అగ్రి (గుంటూరు)

ఆయనతో మాట్లాడటం మంచి పని, సుజాత గారూ. మీకు వీలుగా ఉంటుందని, ఇకమీద ఇలాంటి కామెంట్ తీసేసిన చోట పెట్టుకోవడానికి ఒక ముక్క రాశాను, మార్చుకుని వాడుకోండి:

"ఇక్కడ ఒక సభ్యులు సూచించిన పురుగుమందు కూరగాయల మీద నిషేధం కాబట్టి ఆ కామెంట్ తీశాం. వంగలో ఈ పురుగు వల్ల వాడిపోయిన మొవ్వుల్ని, పుచ్చు కాయల్ని పురుగు ఉన్న చోటికి కింద దాకా తుంచి, కుండీల దగ్గర పడేయకుండా నాశనం చేయండి. లింగాకర్షక బుట్టకి వంగ పురుగు ఎర అని అడిగి తీసుకోండి, వేరే పంట ఎర పనిచేయదు. 5 శాతం వేపగింజల కషాయం సాయంత్రం పూట పిచికారీ చేయండి. అభ్యంతరం ఉన్నవాళ్లు అడ్మిన్లకి మెసేజ్ పెట్టండి."

కింద మీ పేరు పెట్టడం మర్చిపోకండి.